ఆరు పేటల తాడు

ఆవిరి గదిలో మళ్లీ కర్రలు చేరాయి. తువ్వాలు భుజాన వేసుకుని తలుపు తీసిన ఆర్డిస్‌కి, పైబల్ల మీద తను కూర్చునే చోట రెండు యాష్ చెట్టు బద్దల కట్టలు దర్జాగా పడుకుని కనిపించాయి.

"వారానికి ఒక్క శనివారం, మామయ్యా. ఆ ఒక్కరోజూ మీ కర్రలకేనా స్నానం?"

"నువ్వు రేపైనా చేయొచ్చమ్మాయ్. బద్ద ఆగదు. ఇప్పుడు వంచకపోతే విరుగుతుంది," అన్నాడు ఆర్వో, తోలు చేతితొడుగులు వేసుకుంటూ.

"నేనూ విరుగుతాను, చూస్తూ ఉండండి."

"నువ్వా! నువ్వు వంగే రకమూ కాదు, విరిగే రకమూ కాదు. కావాలంటే నీ మొగుణ్ణే అడుగు."

అచ్చు పట్టుకుని వెనక నిలబడ్డ రెయినో, "నన్ను మధ్యలోకి లాగకండి నాన్నా, నాకు ఈ ఇంట్లో భోజనం కావాలి," అన్నాడు.

ఆర్డిస్ తువ్వాలు కొక్కేనికి తగిలించి పనిగదిలోకి నడిచింది. ట్రౌట్ చేపలు పట్టే కాలం మొదలవడానికి వారమే ఉంది. గాలానికి పడ్డ చేపను నీళ్లలోంచి ఎత్తే చేతివలలు, కొత్తగా చేసినవి ఆరు, గోడకు వేలాడుతున్నాయి. చట్రం వంచడం మామగారి పని. బద్దలు జిగురుతో అతికి, వాల్‌నట్ పిడి చెక్కి నునుపు తేల్చడం రెయినో పని. వల అల్లడం, జాలరి వీపున తగిలించుకునేందుకు పిడికి తాడు కట్టడం ఆర్డిస్ పని.

ఆ తాడు సంగతిలో మామగారిది ఒకటే మాట. ఏట్లో నిలబడ్డవాడి వీపు మీంచి వల జారకూడదు. మైనం పట్టించిన ఆరు పేటల తాడు, రెండు ముళ్లు. కట్టాక వలను దూలానికి తగిలించి, కింద ఇసుక బకెట్ వేలాడదీస్తాడు. ఒక పూటంతా ఆ బరువు మోస్తేనే అది గడప దాటేది. లాగితే ఊడివచ్చే అయస్కాంతం కొక్కేలు బజారులోకి వచ్చి ఇరవై ఏళ్లయింది. వాటి పేరెత్తితే ఆయనకి ఒళ్లు మంట.

బల్ల మీద దిండు గలీబులో చుట్టిన వల ఒకటి ఉంది. పొద్దున థెల్మా తెచ్చి ఇచ్చింది. ఆమె భర్త వెర్నన్‌ది.

"చట్రం విరిగింది, బాగుచెయ్యి ఆర్డిస్," అంది థెల్మా. "మా లొరెట్టా ఈ ఏడు వాళ్ల నాన్న వలతోనే ఏట్లో దిగుతానంటోంది. అదే తాడు, అదే ముడి వెయ్యి. చచ్చినా వదల్లేదమ్మా ఆయన దీన్ని."

నిరుడు సెప్టెంబరులో వెర్నన్ ఏట్లో మునిగిపోయాడు. నీళ్లలోకి ఒరిగిన దేవదారు చెట్టు కింద మర్నాడు దొరికాడు, వల వీపునే ఉంది. చచ్చినా ఆర్వో లాహ్తీ వాళ్ల వల వదల్లేదని ఊరంతా చెప్పుకున్నారు. చర్చిలో కాఫీ దగ్గర ఆర్వో ఆ మాటను ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఆర్డిస్ గలీబు విప్పింది. చట్రం ఒకపక్క నలిగిపోయింది. వల కళ్లలో దేవదారు పుల్లలు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. తాడు చివర కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. అది వెర్నన్‌ని వెతికినవాళ్లు శవాన్ని విడిపించడానికి కోసింది. దానికి నాలుగు వేళ్ల దిగువన చిన్నచిన్న గాట్లున్నాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

గాలందారం తుంచడానికి జాలర్లు ఛాతీ మీద ఒక కత్తెర వేలాడదీసుకుంటారు. గోళ్లు తీసుకునే కత్తెరంత ఉంటుంది. దాని నోట్లో దారం తప్ప ఇంకేదీ పట్టదు. వెర్నన్ దాన్ని వీపు వెనక్కి తిప్పి, కంటికి కనబడని తాడును కొరికించాడు. రెండు పేటలు తెగాయి. మూడోది సగం తెగింది. మిగతావి చెక్కు చెదరలేదు. మైనం అంత దట్టంగా పట్టించింది ఆర్డిసే.

ఈ వల తీసుకునే రోజున అతను అడిగాడు కూడా. "ఆ అయస్కాంతం కొక్కెం పెట్టకూడదూ, పెద్దాయనా?"

"జారిపోయే వల కావాలంటే బజార్లో కొనుక్కో నాయనా," అన్నాడు ఆర్వో. అందరూ నవ్వారు. ఆర్డిస్ కూడా నవ్వింది. నవ్వుతూనే రెండో ముడి బిగించింది.

రెయినోని పిలిచి తాడు చూపించింది. అతను చాలాసేపు చూశాడు.

"నాన్నకి చెప్పకు. థెల్మాకి అసలే చెప్పకు. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క మాటే."

"మరి లొరెట్టా వీపుకి ఇదే తాడు కట్టనా?"

రెయినో గరుకు కాగితం తీసుకుని, అప్పటికే నునుపైన పిడిని మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. ఆర్డిస్ గోడ దగ్గరికి వెళ్లింది.

ఆరింటికి భోజనాలకు కూర్చున్నారు. పాలు పోసి కాచిన చేప సూపు, రై రొట్టె. బద్ద ఒక్కటీ విరగలేదని ఆర్వో హుషారుగా ఉన్నాడు.

"సోమవారం ఆరు వలలకూ బకెట్ తగిలిద్దాం," అన్నాడు.

ఆర్డిస్ తాడు ముక్కను ఆయన గిన్నె పక్కన పెట్టింది.

"ఏంటిది?"

"వెర్నన్ తాడు. ఆ గాట్లు చూడండి మామయ్యా."

ఆర్వో కళ్లతో కాక బొటనవేలితో చూస్తాడు. వేలు తాడు వెంట నడిచి ఒకచోట ఆగిపోయింది.

"ఎలుక కొరికి ఉంటుంది."

"మైనం తాడుని ఎలుక ముట్టదని మీరే చెప్పేవారు. అవి కత్తెర గాట్లు. వల కొమ్మకి పట్టేసింది. విడిపించుకోవాలని చూశాడు."

రెయినో గిన్నెలోంచి తల ఎత్తలేదు. సూపు మీద మీగడ కట్టింది.

"తాడు తెగలేదు," అన్నాడు ఆర్వో చివరికి.

"లేదు. తెగలేదు." ఆర్డిస్ రొట్టె కోయడం ఆపి కత్తి పక్కన పెట్టింది. "గోడనున్న ఆరు తాళ్లూ కోసేశాను. ఇక నా చేత్తో తాడు కట్టను. ఊడివచ్చే కొక్కెం పెట్టండి, లేకపోతే వలలు పంపొద్దు. ఇదివరకు కొన్నవాళ్లందరికీ తాడు కోసెయ్యమని ఉత్తరాలు రాస్తాను. రేపు చర్చి అయ్యాక థెల్మా ఇంటికి వెళ్తున్నాను, ఇది పట్టుకుని."

"ఆవిడ మళ్లీ జన్మలో మన గడప తొక్కదు," అన్నాడు రెయినో.

"తొక్కకపోనీ."

ఆర్వో తాడును ఇంకా వదల్లేదు. "ఏమని చెప్తావమ్మాయ్ ఆవిడకి?"

"కట్టింది నేనని చెప్తాను."