మొహం లేని వీరుడు

మా అత్తగారు సూర్యకుమారి గారికి నా పనంటే ఒళ్లుమంట. వాటర్లూలో మాకున్నదే ఇరుకు కాండో ఫ్లాట్, అందులో డైనింగ్ టేబుల్ నిండా ఉలులూ చెక్కపొట్టూ పరుస్తానని రోజూ ఒకటే సణుగుడు. జపాన్ వాళ్ల కబుకి నాటకంలో కత్తి దూసి, కళ్లెర్రజేసి నిలబడే వీరుడి వేషగాణ్ణి ఈ వేసవంతా చెర్రీ చెక్క మీద చెక్కాను. ఆ చెక్కకు సిరా పూసి కాగితం అద్దితే బొమ్మ పడుతుంది. సోమవారం గ్యాలరీకి ఇవ్వాలి. నా మొట్టమొదటి ప్రదర్శన.

ఆయుధపూజ నాడు క్లాసు చెప్పి ఇంటికొచ్చేసరికి నా చెక్క దేవుడి ముందు ఉంది. వీరుడి మొహం నిండా నువ్వులనూనెలో కలిపిన కుంకుమ! ఒక బొట్టు కాదు, గీతల సందుల్లోకి దిగేలా వేలితో అదిమి మరీ మెత్తిందావిడ. గబగబా తుడిచి, సిరా పూసి, కాగితం అద్ది చూశాను. మాది నీళ్ల సిరా, నూనె పీల్చిన చెక్కకు అంటుతుందా? కత్తి పడింది, జుట్టు పడింది, మొహం ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ.

"ఎంత పని చేశారత్తయ్యా!"

"ఇదేం చోద్యమమ్మా! పనిముట్టుకి బొట్టు పెట్టడం కూడా తప్పేనా? నీ మంచి కోరే చేశాను."

సోఫాలోంచి మా ఆయన హేమచంద్ర తల కూడా ఎత్తలేదు. "అమ్మకేం తెలుసు సుధా? పెద్దావిడ. లైట్ తీసుకో. మళ్లీ చెక్కుకోవచ్చులే."

మళ్లీ చెక్కుకోవాలట, సోమవారంలోగా! అప్పుడు కనిపించింది, దేవుడి ముందే ఉన్న ఆయన లాప్‌టాప్. దాని మూత మీద స్టిక్కర్ బొట్టు. నూనె లేదు, తడి లేదు.

కుంకుమ గిన్నె అందుకున్నాను. లాప్‌టాప్ తెరిచి, గిన్నెలో వేలు ముంచాను.

"మీ అబ్బాయి మంచి కూడా కోరదాం అత్తయ్యా."

"ఆగవే! నూనె లోపలికి దిగితే పాడైపోదూ?" ఆవిడ ఉరికొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

ఆ మాట ఆవిడ నోట్లోంచే వచ్చింది. హేమచంద్ర విన్నాడు. వాళ్లమ్మ మొహం చూశాడు, నా మొహం చూశాడు.

"ఇప్పుడు చెప్పండి, అమ్మకేం తెలుసో," అన్నాను.

ఆయన లేచి, లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుని, గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆవిడ చెయ్యి విదిలించుకున్నాను. ఇంకా తడారని బొమ్మను తీసుకెళ్లి ఆ తలుపుకే అంటించాను. కత్తి దూసి నిలబడ్డాడు, మొహం మాత్రం లేదు.