అడవిలో పలకని పిల్ల

రిబ్బన్ కత్తిరించే వేళకు జమున మాయమైంది.

నిజానికి తప్పిపోవడమే ఆ పిల్లకిచ్చిన పని. భూపాలపల్లి అడవి అంచున పిల్లల కోసం వేసిన కాలిబాటకు ఆ రోజే ప్రారంభం. పోయిన ఏడాది మేకల వెంట వెళ్లిన పిల్లవాడొకడు దారి తప్పి, తెల్లారి దొరికాడు. అప్పటినుంచి ఈ బాట కోసం తండా బడి టీచర్ భాగ్య తిరగని ఆఫీసు లేదు.

రేంజర్ అబ్దుల్ బారీ ఒకటే షరతు పెట్టాడు. "ఒక పిల్లను అడవిల కూసోబెడ్తం. మీ పిల్లలే వెతికి తేవాలె. తెస్తే బాట గేటు తీస్త. లేకుంటే తాళంచెవి నా జేబులనే ఉంటది మేడం."

భాగ్య పిల్లలకు ముందే నేర్పింది. దారి తప్పితే నడవొద్దు, చెట్టు పట్టుకుని కూర్చో, పిలిస్తే పలుకు.

వాచర్ ఐలేశ్ జమునను ఒక మద్దిచెట్టు కింద కూర్చోబెట్టి వచ్చాడు. పిల్లలు వెళ్లి చూస్తే మద్దిచెట్టు ఉంది, జమున లేదు.

గొంతులు పోయేలా పిలిచారు. జవాబు లేదు. ఐలేశ్ ముఖం పాలిపోయింది. భాగ్య గేటు సంగతి మరచి పొదల మధ్య పరుగులు పెట్టింది.

"ఉత్తుత్తిది నిజమైతున్నట్టుంది," అంటూ బారీ ఫోన్ తీశాడు.

అప్పుడే జమున నాయనమ్మ కాళి, ప్రారంభానికని రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీదా గిన్నెతో మద్దిచెట్టు దగ్గరికి వచ్చింది. సంగతి విని తాపీగా అంది. "అదెందుకు పలుకుతది? నేనే వద్దన్న."

"ఏందవ్వా?" అన్నాడు బారీ.

"అడవిల పేరు పెట్టి పిలిస్తె పలుకొద్దని చెప్పిన. దయ్యం గట్లనే పిలుస్తది, తియ్యగ."

భాగ్య తల పట్టుకుంది. "మరి ఇప్పుడెట్ల?"

"దయ్యానికి తిట్టుడు రాదు బిడ్డా."

కాళి గిన్నె బారీ చేతిలో పెట్టి, కొంగు బిగించి, తండా భాషలో తిట్లు అందుకుంది. దువ్వని జుట్టు, పారేసిన చెప్పు, నిన్న పగిలిన కుండ, ఏదీ వదల్లేదు.

"కుండ నేను పగలగొట్టలే. మేక పగలగొట్టింది," అని పక్క పొద వెనుక నుంచి అరుపు.

జమున అక్కడే, ఒక చెట్టును కరుచుకుని ఉంది. "మద్దిచెట్టుకు ఎర్రచీమలున్నయి మేడం. గందుకే ఇటొచ్చిన. మీరు నా పక్క నుంచే పోయిన్రు."

"మరి పలకలేదేం?"

"మీరే అని నాకెట్ల ఎరుక?"

భాగ్య ఆ పిల్లను దగ్గరకు లాక్కుని ఏడుస్తూనే నవ్వింది.

"దొరికింది గద సార్," అన్నాడు ఐలేశ్.

బారీ మలీదా నములుతూ తల అడ్డంగా ఊపాడు. "పిల్లలు తేలే. అవ్వ తెచ్చింది." భాగ్య ముఖం వాడిపోవడం చూసి, "మళ్లొకసారి చేద్దాం. ఈసారి అవ్వ కుర్చీల కూసుంటది, నోరు మూసుకుని," అన్నాడు.

భాగ్య పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టింది. ఎవరింటికి వాళ్లు దయ్యానికి తెలియని మాటొకటి పెట్టుకోవాలి. పేరు వెనుక ఆ మాట వినబడితే పలకాలి. జమున ఇంటి మాట కాళి చెప్పింది.

ఐలేశ్ ఈసారి చీమల్లేని చెట్టు చూసి జమునను కూర్చోబెట్టాడు. పిల్లలు అడవిలోకి పరుగెత్తారు.

"జమునా, కుండ."

అడవిలోంచి వెంటనే జవాబొచ్చింది. "చెప్పిన గద, మేక పగలగొట్టింది."

బారీ గిన్నె కింద పెట్టి, తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.