వేలిగుర్తు లేని గార

మరమ్మతు జరుగుతున్న చింతామణి పాత చర్చి ముందు, మెలితిరిగిన స్తంభం మీది దేవదూత బొమ్మ ఊడి, పనిలో ఉన్న చిక్కమ్మ కాలి మీద పడింది. ఆమెను ఆస్పత్రికి చేర్చారో లేదో, కాంట్రాక్టర్ దేవరాజ్ కన్నడంలో కాగితం రాయించాడు. తాగి పనిచేసిన మేస్త్రీ తిమ్మరాయప్పదే తప్పట. తిమ్మరాయప్ప పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టినవాడు కాదు.

వంపులు తిరిగిన ఆ గోడలూ, జంట గోపురాలూ కట్టించిన దొర పేరు గుమ్మం మీద చెక్కి ఉంది. కట్టిన తిమ్మరాయప్ప ముత్తాతల పేర్లు ఎక్కడా లేవు. గార ఆరకముందే బొమ్మల వీపున బొటనవేలు నొక్కి పోయారు, అంతే. మాదని ఒప్పుకున్న పనికే వేలు పెట్టడం ఇప్పటికీ వాడుక.

సున్నం కరక్కాయ, బెల్లం నీళ్లలో నెల నానాలి. దేవరాజ్ ఆగలేదు, బొమ్మకు సిమెంటు పూయమన్నాడు. తిమ్మరాయప్ప జట్టువాళ్లు పూశారు. వేలు పెట్టలేదు కాబట్టి పాపం తమకు అంటదనుకున్నారు. వాళ్లు చేసిన తప్పు అదే.

దేవరాజ్ ఆ కాగితమూ ఇంకుప్యాడూ తిమ్మరాయప్ప ముందుకు తోశాడు. పక్కన ఎస్సై.

"ఒత్తప్పా. నువ్వొకనివి పోతే ఈ నలభై మందికీ పనుంటాది. లేకుంటే అందరూ ఇండ్లకు పోండి."

తిమ్మరాయప్ప ఆ నలభై ముఖాలూ చూశాడు. చెయ్యి చాచాడు.

"ఆగప్పా." చిక్కమ్మ చెల్లెలు అక్కమ్మ విరిగిన ముక్క తెచ్చి ముందు పెట్టింది. "దీని మీద యాడన్నా మన వేలుండాదా?"

లేదు. లోపలంతా సిమెంటే.

"పూసింది మీరే కదా?" అన్నాడు దేవరాజ్.

"మేమే. వేలు పెట్టకుంటే సాలనుకున్యాం. ఆ పొద్దే పని ఆపింటే మా అక్క కాలు నిలిచేది. ఇప్పుడు ఆపుతాండాం," అంది అక్కమ్మ.

తిమ్మరాయప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎస్సై అతని రెక్క పట్టుకున్నాడు.

తలుపు పక్కన, దొర పేరు కింద, పొద్దున తిమ్మరాయప్ప నెల నానిన సున్నంతో పూసిన గార ఇంకా తడిగా ఉంది. అక్కమ్మ దానిలో బొటనవేలు నొక్కింది. వెనకే జట్టులోని అమరేష్, వీణ, ఒకరి తరవాత ఒకరు, నలభై మందీ నొక్కారు.

"వేలు పెట్టినారంటే ఒప్పుకున్నట్టే," అన్నాడు దేవరాజ్, ఎస్సై వైపు తిరిగి.

"ఒప్పుకుంటాండాం. పని ఆపింది మేమే," అన్నాడు తిమ్మరాయప్ప. పట్టు విడిపించుకుని తానూ వేలు నొక్కి వచ్చాడు.

ఎస్సై జీపులో ఆరుగురికే చోటుంది. మిగిలినవాళ్లు సున్నం చేతులతోనే దాని వెంట స్టేషన్‌కు నడిచారు.