పళ్లతో పరీక్షించిన పట్టాలు

బాంబులు పడిన మర్నాడు మధ్యాహ్నానికల్లా రైలు దారిలో గుంతలు పూడ్చారు, పట్టాల కింది స్లీపర్లు పరిచారు, ఊడిన పట్టాలు బిగించారు. గాయపడిన సైనికుల రైలు రెండు స్టేషన్ల అవతల ఆగి ఉంది. మేస్త్రీ ఒక్కొక్క పట్టాను సుత్తితో మోగించి చూసి, సరేనని సంతకం పెట్టడమే తరువాయి.

ముప్పై ఏళ్లుగా ఆ పని ఆయనదే. గట్టి పట్టా గంటలా మోగుతుంది. లోపల చీలిక ఉంటే, కంటికి కనపడకపోయినా, పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. అయితే నిన్నటి పేలుళ్లకు మేస్త్రీ చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ఆ మాట పైకి పొక్కనీయలేదు. చెబితే ఇంటికి పంపేస్తారు. ఇంకో మేస్త్రీ రావాలంటే రేపటి మాట. రైల్లో ఉన్నవాళ్లలో రేపటిదాకా ఆగలేనివాళ్లు ఎందరో! చెవులు అవే తెరుచుకుంటాయిలే అనుకుని సుత్తి అందుకున్నాడు. కొట్టాడు, తలూపాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ తలూపాడు. చేతికి ఎంత అలవాటో తలకీ అంతే అలవాటు.

పక్కనే రైల్వే గేటు కాసే ఆయన అక్క పరుగున వచ్చి భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

"ఏరా, గొంతు చించుకుంటున్నా పలకవేం? ఆ పట్టా పగిలిన కుండలా మోగుతుంటే గంగిరెద్దులా తలూపుతావేంట్రా!"

మాటలు వినపడకపోయినా ఆ తిట్ల మొహం చిన్నప్పటినుంచీ ఎరిగినదే. ఆమె వేలు పట్టా వైపు చూపడంతో మేస్త్రీకి సంగతి అర్థమైంది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా, "అక్కా, చెవులు పోయాయే. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

గుసగుస అనుకున్నది ఆయనే. ఆ కేక పూడ్చిన గుంత అవతల పనులు చూస్తున్న ఇంజనీరుకీ వినిపించింది.

"మేస్త్రీ, ఇక చాలు. ఇంటికెళ్లు" అని ఇంజనీరు చేత్తో సైగ చేశాడు.

"చెవుల్లేకపోతే పళ్లున్నాయి సార్!" అంటూ మేస్త్రీ పట్టా పక్కన కూలబడ్డాడు. పార పిడి ఊడదీసి ఒక కొస పట్టాకు ఆనించి, రెండో కొసను పళ్లమధ్య గట్టిగా బిగబట్టాడు. అక్క సుత్తితో కొట్టింది. మోత పళ్లలోంచి పుర్రెలోకి జివ్వున పాకింది.

"పనిచేస్తుందంటావా?" అని ఇంజనీరు అక్కను అడిగాడు.

"ఏమో సార్. చిన్నప్పుడు నా చెయ్యి కొరికాడు, మచ్చ ఇంకా ఉంది. ఆ పళ్లను నమ్మొచ్చు."

ఇంజనీరు ఊరికే నమ్మే మనిషి కాదు. మేస్త్రీ కళ్లకు గంతలు కట్టి, దిక్కు తెలియకుండా అటూ ఇటూ నడిపించి, ఒక్కొక్క పట్టా దగ్గరా కూర్చోబెట్టి తనే సుత్తితో కొట్టాడు. నాలుగింటికి మేస్త్రీ తలూపాడు. ఐదోదానికి చెయ్యెత్తాడు. ఇందాక అక్క తప్పు పట్టిన పట్టా అదే.

ఇంజనీరు గంతలు విప్పి సుత్తి అక్క చేతికే ఇచ్చాడు. చివరిదాకా చూస్తే, అక్క చెవికి బాగానే మోగిన ఇంకో పట్టా మేస్త్రీ పళ్లకు దొరికింది. రెండూ తీసి కొత్తవి వేశారు. మేస్త్రీ సంతకం పెట్టాడు.

సంతకం పెట్టినవాడు మొదటి రైలు దాటేదాకా పట్టాల పక్కనే నిలబడాలి. అది వాళ్ల కట్టుబాటు. ఎండ వాలకముందే రైలు వచ్చింది. కట్లు కట్టిన తలలు కిటికీల్లోంచి చూస్తూ ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. డ్రైవరు బయటికి వంగి ఏదో అరిచాడు.

అదేంటో చెప్పబోయి అక్క డ్రైవరు వైపు చెయ్యి చూపించింది.

"ఏమన్నా అనుకోనీ," అన్నాడు మేస్త్రీ. "దాటాడుగా!"