మైకక్కకు తగిన ఇంగ్లీషు మాట

మా కర్టెన్ల కొట్టులో గుడ్డ కోసే ముందు కొలతను పైకి అరవాలి. ఆ పద్ధతి పెట్టింది మైకక్క, అక్కడ అందరికన్నా పాత మనిషి. మైకులాంటి గొంతని మేం పెట్టుకున్న పేరు అది. గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిచి, కత్తెర చేతికి తీసుకుని, తలుపు పరదా ఏడడుగులు, నాలుగు ముక్కలు అని వీధి చివరికి వినబడేలా చెబుతుంది. ఆ గుడ్డ కొన్న పెద్దమనిషి ఎక్కడో మూలన పరదా కడ్డీలు చూసుకుంటున్నవాడల్లా ఉలిక్కిపడి, ఏడు కాదమ్మా, తొమ్మిది అంటాడు. కోసిన గుడ్డను మళ్లీ తానుకు అతికించలేం కదా.

నాకు గొంతు పెగలదు. నా వంతు వచ్చినప్పుడు కొలత ఆమె చెవిలో చెబితే, నా తరఫున తనే అరిచేది. ఈ పిల్ల మాట వినాలంటే దాని నోట్లో చెవి పెట్టాలని అందరినీ నవ్వించేది గానీ ఏనాడూ విసుక్కోలేదు.

ఈమధ్య చిన్న ఓనరు వాళ్ల నాన్న చేతిలోంచి కొట్టు పగ్గాలు తీసుకున్నాడు. గోడలకు తెల్లరంగు వేయించి, సన్నటి సంగీతం పెట్టించాడు. ఆ మెత్తటి వాతావరణంలో మైకక్క అతని కంట్లో నలుసైంది. తీసేద్దామనుకున్నాడు. కొట్టులో సగం వాటా ఉన్న అతని మేనమామ వేరే ఊళ్లో ఉంటారు. ఆయన ఒప్పుకుంటే గానీ పాతవాళ్లను తీయడానికి లేదు. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి మెయిలు ఇంగ్లీషులో రాయాలి. ఆ పని నాకు తగిలింది.

"అరుపులు, ఆర్భాటం, సిగ్గులేనితనం. మూడూ రావాలి. మంచి బరువైన మాటలు చూసి పెట్టు" అన్నాడు.

మా ఊరి బడిలో ఇంగ్లీషు మాటలు అర్థాలతో సహా బట్టీ పట్టాం గానీ, వాటిని ఒక మనిషి పక్కన పెట్టి చూడటం నాకు అదే మొదలు. ఫోనులో వెతికితే కుప్పలుగా దొరికాయి. ఒక్కోదాన్నీ నోట్లో తిప్పుకుంటూ గాజు తలుపు అవతల ఉన్న ఆమెను చూస్తూ కూర్చున్నాను.

లౌడ్ దగ్గర పేచీ లేదు.

గాడీ అంటే కళ్లు జిగేల్మనే చవక సోకు అట. అప్పుడే ఆమె నెమలికంఠం రంగు పరదా భుజాన వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టి ఇటూ అటూ నడుస్తోంది. మడతలో ఉన్న గుడ్డ కిటికీకి ఎలా వేలాడుతుందో మరెలా తెలుస్తుంది? వచ్చినప్పటి నుంచీ ఎడమొహం పెడమొహంగా కూర్చున్న ముసలి దంపతులు ఇద్దరూ ఆ ఒక్క గుడ్డకే తలూపారు. గాడీ కొట్టేశాను. ఫ్లాంబోయంట్, అంటే అందరి కళ్లూ తిప్పుకునే ఆర్భాటం, ఫర్వాలేదనిపించింది, కానీ అది తిట్టులా లేదు.

బ్రేజెన్, షేమ్‌లెస్, రెండూ సిగ్గులేనిదనే. అక్కడ చెయ్యి ఆగిపోయింది. నేను చేరిన కొత్తలో అక్కడ ఆడవాళ్లకు బాత్రూము లేదు. పొద్దున్నించీ నీళ్లు తాగకుండా నెట్టుకొచ్చేవాళ్లం. అడగడానికి అందరికీ నామోషీ. ఒకరోజు నేను కళ్లు తిరిగి పడిపోతే, కొట్టు నిండా జనం ఉండగా మైకక్క పెద్ద ఓనరు ముందు నిలబడింది. అయ్యా, ఈ ఆడపిల్లలు ఎక్కడికి వెళ్లాలో మీరే చెప్పండి అని అడిగింది. ఆయన తల దించుకున్నారు. కొద్దిరోజులకే వెనక గదికి తలుపూ గడియా పడ్డాయి. మేమంతా దాచుకున్న సిగ్గును ఆమె ఒక్కతే వదిలేసింది.

సాయంత్రం చిన్న ఓనరు చదవమన్నాడు. ఆమె గొంతు పెద్దదనీ, ఆ గొంతు వల్లే మన కొట్టులో గుడ్డ పాడవదనీ, ఆమె అడగబట్టే ఇక్కడ ఆడవాళ్లకు బాత్రూము వచ్చిందనీ రాశాను.

"నేను చెప్పింది ఇది కాదు" అన్నాడు.

"కాదండీ. మీరు చెప్పిన మాటలు వెతికాను. ఆమెకు సరిపోలేదు. నా చేత్తో రాయలేను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవతల కత్తెరలు ఆగాయి.

అతను కంప్యూటరు తనవైపు తిప్పుకుని మళ్లీ చదివాడు. బాత్రూము సంగతి నాన్న చెప్పలేదే అని గొణిగి, ఈ మెయిలు వద్దులే, తీసెయ్ అన్నాడు. జనం పలచగా ఉన్నప్పుడైనా ఆమెను కాస్త తగ్గమని చెప్పమన్నాడు.

మైకక్క తలుపు దగ్గరే ఉంది.

"ఏమే, ఇంగ్లీషులో నన్ను ఏమన్నారే?"

"లౌడ్ అని."

"అంతేనా? ఇంతసేపూ వెతికితే అదొక్కటేనా దొరికింది? ఆ ముక్క నన్నడిగితే నేనే చెప్పేదాన్నిగా."

నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని, నీకు థాంక్స్ చెప్పాలక్కా అన్నాను.

"చెప్పు మరి. నీ నోట్లో చెవి పెట్టను ఇవాళ."

చెప్పాను. మేడ మీద కుట్టు మిషన్ల దగ్గరున్న వాళ్లు కూడా కిందికి తొంగి చూశారు.