అంగిట్లో పుండు, గార్లదిన్నె సంబంధం

ఏమప్పా, మీరెప్పుడన్నా నోట్లో పుండు పెట్టుకోని పెండ్లిచూపులకు పోయినారా? నేను పోయినా.

నా పేరు నాగేశ్వర. శింగనమలలో బోరు మోటార్లు రిపేరీ చేస్తా. ఆ ఆదివారానికి నాలుగు దినాల ముందు షాపులో కూచోని, వేంచిన శెనక్కాయలు పండ్లతోనే పగలగొట్టి తింటా ఉంటి. తెల్లారేసరికి అంగిట్లో పుండు లేసింది. ఎంగిలి మింగినా కండ్లల్లో నీళ్ళే. అన్నం లేదు, టీ లేదు, గిరాకీలను తిట్టేదానికి కూడా లేదు. నేను తిట్టకపోయేసరికి, నాకేదో పెద్ద జబ్బే చేసిందని ఊరంతా అనుకునింది.

మాయమ్మ హనుమంతమ్మకు ఆస్పత్రి అంటే గిట్టదు. "వేడి చేసింది లేరా" అని మొదటి దినం నెయ్యి రాసింది. రెండో దినం తేనె. మూడో దినం జామాకు నమలమనింది. నాలుగో దినం పటికా పసుపూ నూరి వేలితో అంగిటికి రుద్దింది చూడండి, నేను లేసి ఇంటి చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తినా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది నా కత.

"చూపులు వచ్చే వారానికి జరుపుదామా?" అనింది అమ్మ.

"సచ్చినా జరపను" అన్నా.

ఎందుకంటే ఆ పిల్ల త్రివేణి. గార్లదిన్నె దగ్గర ఒక ఊర్లో సర్కారు నర్సు. మా చిన్నమ్మకు షుగర్ చూపించను పోయినప్పుడు చూసినా. "షుగర్ మూడు వందలుండాది, మరి సంచిలో జిలేబీ యాడిదమ్మా?" అని లైన్లో అందరి ముందర మా చిన్నమ్మను కడిగేసింది. అమ్మతోడు, ఆ గొంతు విని మూడు దినాలు నిద్ర పట్టలేదు. మా సుంకప్ప మామ కాళ్ళు పట్టుకుంటే, నెల దినాలు తిరిగి వాళ్ళను చూపులకు ఒప్పించినాడు.

చిక్కేందంటే, పిల్ల నాయన పుల్లన్న గుట్కా తినేవానికి పిల్లనియ్యడు. ఆయన తమ్ముడు ఆ గుట్కాతోనే నోరు పాడై సచ్చిపోయినాడు. అందుకే మాయమ్మ బస్సులో నా తొడ గిల్లి మరీ చెప్పింది: "పుండు మాట ఎత్తినావంటే గుట్కా పుండనుకుంటారు. నోరు మూసుకో. పెట్టింది మాత్రం తిను." మా పక్క ఆనవాయితీ అది. పిల్లను చూసినాక పెట్టిన ప్లేటు తింటే పిల్ల నచ్చినట్లు, ముట్టకపోతే వద్దన్నట్లు. వద్దన్నోళ్ళు చెప్పులేసుకోని గమ్మున పోవాల్సిందే.

పుల్లన్న ఇంట్లో చాప మీద కూచున్నాం. ఏం పెట్టినారనుకున్నారు? ఇడ్లీనా? బొరుగుల ఉగ్గాని, దాని నెత్తిన నాలుగు మిరపకాయ బజ్జీలు, పొగలు కక్కుతాండాయి! త్రివేణే తెచ్చి చేతికిచ్చింది. గుండె ఒక పక్క ఎగురుతాంది, అంగిలి ఒక పక్క ఎగురుతాంది.

"తినప్పా, సల్లారిపోతాది" అన్నాడు పుల్లన్న.

సల్లారనీ సామీ, నాక్కావాల్సింది అదే కదా! ప్లేటు పట్టుకోని గోడ మీది క్యాలెండరు చూస్తా కూచున్నా. సుంకప్ప మామ తన నాలుగు బజ్జీలూ తినేసి నా ప్లేటు పక్క చూస్తాండాడు. పుల్లన్న మొగం మాడిపోయింది. "పిల్ల నచ్చలేదేమో చెప్పేయండి, మేమేం అనుకోం" అని లేవబోయినాడు.

ఇంక తట్టుకోలేకపోతి. ఒక బజ్జీ మొత్తం నోట్లో పెట్టేసినా.

అయ్యయ్యో! కారం, వేడి, పుండు, మూడూ ఒకేసారి కలుసుకున్నాయి. కక్కలేను, మింగలేను. కండ్లల్లో నీళ్ళు ధారగా కారతాండాయి, కాళ్ళు వాటంతటవే చాపను తంతాండాయి. ఎట్లో మింగినా. మింగి నవ్వినా కూడా. ఆ నవ్వు చూసి మా మామే జడుసుకున్నాడు.

త్రివేణి నవ్వలేదు. నా ముందరికొచ్చి "నోరు తెరువు" అనింది.

"ఏం లేదమ్మా" అనింది మాయమ్మ. "వానికి బజ్జీ అంటే ప్రాణం. చూస్తానే ఏడ్చేస్తాడు."

"నోరు తెరువప్పా!"

తెరిచేసినా. సెల్లు లైటేసి చూసింది. అందరూ తలకాయలు పెట్టినారు. "పుండు!" అని అరిచినాడు పుల్లన్న. "గుట్కా! సుంకప్పా, నన్నే మోసం చేస్తావా?" మాయమ్మ దేవుని మీద ఒట్లు పెడతాంది. నేను తెరిచిన నోటితోనే కాదు కాదని తలకాయ ఊపుతాండా. అయిపోయింది, ఈ పిల్ల నాకు దక్కదనుకున్నా. మళ్ళా ఏడుపొచ్చింది, ఈసారి కారానికి కాదు.

"నాయనా, ఊరకుండు" అనింది త్రివేణి. ఉప్పునీళ్ళిచ్చి పుక్కిలించమనింది. పసుపంతా పోయినాక మళ్ళా చూసింది. చేతులు కడుక్కోని, బ్యాగులోంచి సన్నటి పట్టకారు తీసింది. "కదిలినావంటే చూడు" అని పట్టి లాగింది.

టక్కున ఊడొచ్చింది. అరచేతిలో ఏసి అందరికీ చూపించింది. శెనక్కాయ పైపొట్టు! గోరంత ముక్క, కొస మాంసంలోకి దిగి ఉండింది. నాలుగు దినాలు మాయమ్మ దానికి నెయ్యి రాసి, తేనె తాగించి, పటికా పసుపూ పూసి ఎవరికీ కనపడకుండా కప్పెట్టింది!

పుల్లన్న కండ్లద్దాలు పెట్టుకోని ఆ ముక్కను వాసన చూసినాడు. "శెనక్కాయే" అన్నాడు సిగ్గుగా. ఇంక మామ నవ్వు మొదలుపెట్టినాడు, పుల్లన్న అందుకున్నాడు, మాయమ్మ నాలుగు దినాల వైద్యమంతా చెప్పేసి, కొంగు అడ్డం పెట్టుకోని ఊగిపోతాంది. నేనూ నవ్వబోతి, నొప్పేసి ఆగిపోతి.

త్రివేణి సల్లటి మజ్జిగ నా చేతికిచ్చింది. "వారం దినాలు కారం, వేడి వద్దు. దినానికి మూడుసార్లు ఉప్పునీళ్ళు పుక్కిలించు. రెండు వారాలకు మానకుంటే పెద్దాస్పత్రికి పోవాల. పటిక ఇంకొకసారి పెట్టినారంటే సూది నీకు కాదు, మీ అమ్మకేస్తా."

పుల్లన్న గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయి తినె. ఆయన ఒప్పుకున్నట్లే. నీ మాటేందమ్మా?"

"నాలుగు దినాలు ఇంత నొప్పి దాచినాడు" అనింది త్రివేణి. "దాచేటోళ్ళతో ఆస్పత్రిలో వేగేదే చాలు, ఇంట్లో కూడా నావల్ల కాదు. ఇప్పుడన్నా నిజం చెప్పమను. నొప్పి ఉందా?"

మాయమ్మ మళ్ళా నా తొడ గిల్లింది. మామ లేదని చెప్పమని తల అడ్డంగా ఊపుతాండాడు.

"ఉండాది" అన్నా. "సచ్చేంత ఉండాది త్రివేణీ. బజ్జీ కంటే నువ్వు లాగినప్పుడే ఎక్కువేసింది. నువ్వు వద్దంటావేమోనని దాచినా. ఇప్పుడు కూడా అదే భయంగా ఉండాది."

ఆమె మొగం ఎర్రబడింది. అంతమందిని కడిగేసే మనిషికి సిగ్గు కూడా వస్తాదని అప్పుడే చూసినా.

"నాయనా, ముహూర్తం పెట్టించు" అనింది. "నెల దాటినాకే పెట్టించు. పెండ్లికూడు ఈయప్ప కూడా తినాల కదా."