పచ్చ చుక్క కాపలా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. అమ్మ వంటగదిలో ఉంది. జ్వరంతో బడి మానేసిన తమ్ముడు హాల్లో సోఫా మీద దుప్పటి కప్పుకొని, శబ్దం తీసేసిన టీవీలో బొమ్మలు చూస్తున్నాడు. నాన్న లోపలి గదిలో నేల మీద పరుపు వేసుకొని నిద్రపోతున్నాడు. నేను ఆ పక్కనే నాన్న కుర్చీలో కూర్చొని ఎడమచేత్తో మౌస్ కదుపుతున్నాను, కుడిచేత్తో నా నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ల్యాప్‌టాప్‌ను కూడా మనిషి కింద లెక్కేస్తే ఐదుగురం. అమ్మ దాన్ని సవతి అంటుంది.

మేం ఈ దేశం వచ్చి ఆరు నెలలు కావస్తోంది. నాన్న ఆఫీసు ఎక్కడో ఇంకో ఊళ్ళో ఉందట. అది ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు, నాన్నతో సహా. పనంతా ఇంటినుంచే. దానికోసం విమానమెక్కి ఇంత దూరం ఎందుకు రావడమని అమ్మ మొదటి వారమే అడిగింది. "అక్కడున్న ఇల్లు వేరు, ఇక్కడున్న ఇల్లు వేరు, కాగితం మీద" అన్నాడు నాన్న. అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు. వదిలివచ్చిన పాత ఆఫీసు వాళ్ళకు అప్పటికే పని మొదలై ఉంటుంది. వాళ్ళ పని ఇంకొకరికి అప్పజెప్పేదాకా నువ్వే చూడాలన్నారు. ఆ ఇంకొకరు ఇప్పటిదాకా దొరకలేదు. తొమ్మిదింటికి ఇక్కడి పని మొదలవుతుంది, సాయంత్రం ఆరింటిదాకా. మూడో నెలలో ఒకరోజు నాన్న అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకొని కూర్చునే నిద్రపోయాడు. ఆ మర్నాడే నాకు ఈ పని వచ్చింది.

పని కష్టమేమీ కాదు. తెర మీద నాన్న పేరు పక్కన ఒక పచ్చ చుక్క ఉంటుంది. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే అది పసుపు అవుతుంది. పసుపైతే మనిషి సీటులో లేడని లెక్క. ఒంటిగంట నుంచి రెండున్నరదాకా నాన్న పడుకుంటాడు, నేను చుక్కను పచ్చగా ఉంచుతాను. గది తలుపు ఆ గంటన్నర మాత్రం ఓరగా తీసి ఉంటుంది, నాకు భయం వేయకుండా. మిగతా రోజంతా మూసే ఉంటుంది.

"అక్కా, నాన్న నిద్రపోతున్నాడా, పనిచేస్తున్నాడా?" అని తమ్ముడు తలుపు సందులోంచి గుసగుసగా అడిగాడు.

"రెండూ."

"నాక్కూడా అలా చేసిపెట్టవా, బడికి?"

"పోరా, వెళ్ళి పడుకో."

మధ్యలో ఎవరైనా ఏదైనా రాస్తే జవాబివ్వడానికి నాన్న మూడు మాటలు చీటీ మీద రాసి తెర కింద అంటించాడు. ఒకటి, చూస్తున్నాను. రెండు, కాసేపట్లో చెబుతాను. మూడు, అలాగేనండి. అన్నీ ఇంగ్లీషులోనే. నాలుగోది అవసరమైతే నన్ను లేపు అన్నాడు. మొదటి వారంలో రెండుసార్లు లేపాను. రెండుసార్లూ నాన్న కళ్ళు చూశాక ఇంకెప్పుడూ లేపబుద్ధి కాలేదు. మూడు మాటలతోనే నెట్టుకొచ్చాను. ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. అసలు పెద్దవాళ్ళు కూడా ఎక్కువగా ఆ మూడే మాట్లాడుకుంటారేమో అనిపించింది.

ఎక్కువగా రాసేది పెద్దాయన. నాన్న మీది అధికారి. నాన్న కూడా ఆయన్ని తెర మీద భుజాలదాకానే చూశాడు. ఆరు నెలలు పని చూసి ఉంచుకోవాలో వద్దో తేల్చేది ఆయనే. ఆ శుక్రవారంతో ఆరు నెలలు నిండుతాయి. ఆయన సంతకం పెడితే మేం ఉంటాం. పెట్టకపోతే నెల తిరక్కుండా వెళ్ళిపోవాలి. నన్ను చేర్చుకునే బడివాళ్ళు కూడా, కనీసం ఏడాది ఉంటారని కాగితం తెచ్చాకే రమ్మన్నారు. ఒకటో తరగతి తమ్ముడికి ఆ బాధ లేదు. నేను మాత్రం ఆరు నెలలుగా ఇంట్లోనే ఉన్నాను. అమ్మ రెండు పెట్టెలు విప్పనే లేదు. అవి మంచం కింద తాళ్ళతో సహా అలాగే ఉన్నాయి. స్టీలు గిన్నెలు కావాలంటే "శుక్రవారం తేలనీ" అంటుంది.

ఆ రోజు మంగళవారం. ఒంటిగంటా ఇరవైకి పెద్దాయన రాశాడు. మామూలుగా నాలుగు ముక్కలకు మించి రాయడు. ఈసారి ఐదారు వరుసలు ఉంది. నేను నోటుబుక్కులో వాక్యం మధ్యలో ఉన్నాను. చేతికి అలవాటైపోయి, చదవకుండానే ఒకటో మాట, రెండో మాట కలిపి పంపేశాను. చూస్తున్నాను, కాసేపట్లో చెబుతాను.

పంపాక చదివాను. నాకు ఇంగ్లీషు నెమ్మదిగా వస్తుంది, వేలు పెట్టి చదవాలి. ఈ ఉదయం మా అమ్మ చనిపోయింది అని ఉంది. సాయంత్రం విమానానికి బయల్దేరుతున్నాను, మూడు వారాలు ఉండను, ఇబ్బందికి మన్నించండి అని ఉంది.

వాళ్ళమ్మ చనిపోతే, చూస్తున్నాను కాసేపట్లో చెబుతాను అన్నాను.

నాన్న వైపు చూశాను. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. చెంప మీద దిండు గీతలు పడ్డాయి. లేపాలి. ఇది నాలుగోదే కాదు, నలభయ్యోది. కానీ లేపి ఏమని చెప్పను? ముందు నేను పాడుచేసింది నేనే బాగుచేద్దామనుకున్నాను. పదో తరగతిలో ఇంగ్లీషు పరీక్షకు లెటర్ రైటింగ్ ఉండేది. అన్నిట్లో అత్తెసరు మార్కులు వచ్చినా దాంట్లో ఐదుకి నాలుగున్నర వచ్చేవి నాకు. మా మేష్టారు "నోట్లో మాట లేదు గానీ చేతిలో ఉందే నీకు" అనేవారు.

క్షమించండి, తొందరలో చదవలేదు అని రాశాను. చాలా బాధగా ఉంది అని రాశాను. ఎలా జరిగింది, ఆవిడ పక్కన ఎవరున్నారు అని అడిగాను. ఆపైన ఇంకేం రాయాలో తెలియక, మా ఊళ్ళో ఎవరైనా అడిగేదే అడిగాను. ఏమైనా తిన్నారా?

చాలాసేపు జవాబు రాలేదు. రాస్తున్నట్టు మూడు చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి. నేను మౌస్ కదపడం కూడా మర్చిపోయాను. తర్వాత వచ్చింది. లేదు, తినలేదు. పొద్దున్నుంచి ఎవరూ ఆ మాట అడగలేదు. అమ్మ పక్కన మా చెల్లెలుంది. అమ్మ బట్టలు కుట్టేది. నేను మొదటి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు వేసుకున్న చొక్కా ఆవిడ కుట్టిందే.

అది చదివితే ఏడుపొచ్చింది. కొంచెమైనా తిని బయల్దేరండి, దారిలో ఏమీ దొరకదు అని రాశాను. ఇక్కడి పని సంగతి మనసులో పెట్టుకోకండి, మేమున్నాం, అన్నీ మేం చూసుకుంటాం అని రాశాను.

అందులో నేను కల్పించింది ఏమీ లేదు. మా తాతయ్య పోయినప్పుడు మా వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు. అన్నట్టే పదకొండు రోజులు మా గేదెల పాలు ఎవరు పితికారో, పొలానికి నీళ్ళు ఎవరు పెట్టారో మాకు తెలియనే తెలియదు. ఒక ఇంట్లో ఎవరైనా పోతే ఏం అనాలో నేను అక్కడే నేర్చుకున్నాను.

అన్నీనా? అని ఆయన అడిగాడు.

అన్నీ, అన్నాను.

ఈసారి వెంటనే వచ్చింది జవాబు. మీరింత మంచివారని నాకు తెలియదు. నా కింద ఉన్న పదకొండు మంది పనీ, వారం నివేదికలూ ఎవరికివ్వాలా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. మీకే ఇస్తాను. మీ శుక్రవారం కాగితం మీద ఇవాళే సంతకం పెట్టి వెళతాను. రెండింటికి తెర మీదికి రండి, అన్నీ చూపిస్తాను. ఐదింటికి నా విమానం.

గడియారం చూశాను. ఒంటిగంటా యాభై. అప్పటిదాకా ఆ మాటలో ఏముందో నాకు తట్టలేదు. మా ఊళ్ళో మేమున్నాం అంటే వీధి వీధంతా ఉంటుంది. ఇక్కడ ఉన్నది నాన్న ఒక్కడే. ఆయన కూడా నిద్రపోతున్నాడు.

"నాన్నా."

"ఊఁ. రెండున్నరైందా?"

"కాలేదు."

"మరి?" కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"పెద్దాయన వాళ్ళమ్మ చనిపోయింది."

"అయ్యో పాపం. ఎప్పుడు?"

"పొద్దున."

"ఏమని రాశావు?"

"చూస్తున్నాను అని రాశాను."

నాన్న ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. నేను కుర్చీలోంచి లేచి గోడకి అంటుకుపోయాను. ఆయన పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి చదివాడు. చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి. తిన్నారా అన్నచోట కాసేపు ఆగాడు. అన్నీ అన్నచోట ఇంకాసేపు ఆగాడు.

అమ్మ గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. "ఏంటండీ, అప్పుడే లేచారు? ఉద్యోగం పోయిందా?"

"లేదు. ఇంకోటి వచ్చింది."

విషయం చెప్పాడు. అమ్మ నా వైపు తిరిగింది. "ఇంట్లో నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి ఊఁ అంటావు. మూగనోము పట్టినదానివి, అక్కడ చేరి ఎవరెవర్నో ఓదార్చావా?"



"దాన్నేమీ అనకు," అన్నాడు నాన్న.

"సంతకం పెడతానన్నాడుగా మరి?"

"పెడతానన్నాడు."

"అంటే ఉంటాం."

"ఉంటాం."

ఆరు నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూసిన అమ్మ గరిటె పట్టుకొని అలాగే నిలబడింది. మొహంలో సంతోషం ఎక్కడా కనిపించలేదు. "మరి మీరెప్పుడు పడుకుంటారు?" అంది.

నాన్న లేచి స్నానాలగదిలోకి వెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. నేను వెనకే వెళ్ళి తువ్వాలు పట్టుకొని నిలబడ్డాను. ఆయన తువ్వాలు అందుకున్నాక చెప్పాను.

"నేనే రాశానని చెప్పేయ్ నాన్నా."

"ఏమని చెప్పనమ్మడూ? మీ అమ్మగారు పోయినందుకు బాధపడింది నేను కాదండీ, నేనప్పుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాను అని చెప్పనా?"

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మొహం తుడుచుకుంటూ అద్దంలో తనని తాను చూసుకున్నాడు. కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఆ అద్దంలో నేను కూడా వెనకాల సగం కనిపిస్తున్నాను.

"ఆరు నెలలనుంచి రోజూ మాట్లాడుతున్నాను ఆయనతో," అన్నాడు. "ఆయనకి అమ్మ ఉందనే నాకు తెలియదు."

లుంగీ మీదనే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తెర మీద భుజాలదాకానే కదా. పై గుండీ పెట్టుకోవడానికి రెండుసార్లు తడబడితే నేనే పెట్టాను. అమ్మ కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మంచం ఉన్న గదిలోంచి పెట్టెను ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. తాళ్ళు విప్పుతోంది కాబోలు. నెమ్మదిగా విప్పుతోంది, ఒక్కో ముడీ.

"అమ్మా, మనం వెళ్ళిపోతున్నామా?" అని తమ్ముడు అడగడం వినిపించింది.

"లేదురా. ఉంటున్నాం. పడుకో."

నాన్న కుర్చీలో కూర్చున్నాడు. తెర కింద అంటించిన చీటీని గోటితో గీకి తీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను అలవాటుగా పరుపు అంచున కూర్చోబోయాను. ఆయన లేచి పరుపును చుట్టి, దిండుతో సహా నా చేతుల్లో పెట్టాడు.

"దీన్ని అవతల పెట్టు తల్లీ. ఈ మూడు వారాలూ దీంతో పనిలేదు."

"మౌస్?"

"నేను మెలకువగానే ఉంటాగా."

పరుపు బరువుగా లేదు గానీ నాకంటే వెడల్పుగా ఉంది. దాన్ని కౌగిలించుకొని గుమ్మం దాటాను. అప్పుడు నా నోటుబుక్కు బల్ల మీదే ఉండిపోయిందని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. నాన్న తలుపు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"తినలేదన్నాడు కదూ ఆయన?" అని అడిగాడు.

"తినలేదట."

"సరే. అది ముందు అడుగుతాను."

బల్ల మీద నోటుబుక్కు పక్కన కాఫీ పొగలు కక్కుతోంది. రెండు కావడానికి ఇంకో నిమిషం ఉంది. చుక్క పచ్చగానే ఉంది. నోటుబుక్కు అని అనబోయాను. నాన్న అటు తిరిగి, పిల్లాడు నిద్రపోతున్న ఇంట్లో వేసినట్టు చప్పుడు కాకుండా తలుపు మూశాడు.